ముహూర్తానికి ముందే పనిచేసిన ఈస్టు

మా కంచరపేట వ్యర్థజల శుద్ధి మండలిలో ఏ పనైనా ప్రారంభోత్సవం అయ్యాకే ప్రారంభం కావాలి. అది నియమం. ప్రారంభోత్సవం అయ్యాక ఆ పని సాగి తీరాలని మాత్రం నియమం లేదు. అలాంటిదొకటి పెట్టుకుంటే తర్వాతి ప్రారంభోత్సవానికి మాకు తీరికెక్కడిది?

మా ఆఫీసులో కొత్త లిఫ్టు ఉంది. మెట్లెక్కుతూ రోజూ దాన్ని భక్తిగా చూసుకుంటాం. దాన్ని ప్రారంభించాల్సిన పెద్దమనిషి తేదీ ఇచ్చేలోపే ఆయన పదవీకాలం అయిపోయింది. కొత్తాయన వచ్చి, పాతాయన ఒప్పుకున్న లిఫ్టు తనకొద్దన్నారు. అప్పట్నుంచీ పైకి వెళ్ళాల్సిన లిఫ్టు కిందే ఉంది, కిందికి రావాల్సిన ఫైలు పైనే ఉంది. మధ్యలో మోకాళ్ళు మావి. ప్రారంభం కోసం పడిగాపులు మా ప్రారబ్ధం.

ఇవన్నీ చూసుకునే పౌరసంబంధాల అధికారిని నేను. పౌరులతో నాకు సంబంధం తక్కువ, మైకుతో ఎక్కువ. బ్యానరు మీద మాటలు, శిలాఫలకం మీద పేర్లు, సభలో చప్పట్లు నా శాఖ. కాబట్టి ఈస్టు చేసిన అపచారం గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు.

కంచరపేట పారిశ్రామికవాడ నిండా పూత షాపులు. కుళాయిలకూ, తలుపు గొళ్ళేలకూ, నాటకాల వాళ్ళ కిరీటాలకూ నికెల్, క్రోమియం పూతలు పూస్తారు. మెరుపు పైఊళ్ళకు పోతుంది, మరక మాకు మిగులుతుంది. ఆ కడుగునీళ్ళన్నీ కలిసే వాగును మా వాళ్ళు చిలకల వాగు అంటారు. పేరు విని పొరుగూరి వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని చిలకల్ని చూడ్డానికి వస్తారు. చిలకలు ఉండవు, నీళ్ళే చిలకపచ్చ.

ఆ పచ్చదనాన్ని వదిలించడానికి యూనివర్సిటీ నుంచి మా మండలికి ఒక శాస్త్రవేత్తను పంపించారు. పేరు డాక్టర్ ఎస్తేరు. సూక్ష్మజీవులే ఆవిడ చదువు, లోకం, స్నేహితులు. మొదటి సమావేశంలోనే ఒక డబ్బా మూత తీసి, సగ్గుబియ్యంలాంటి గుళికలు గుప్పెడు తీసి బల్ల మీద పోసింది.

"ఇది ఈస్టు సార్. కల్లుకుండ అడుగున మిగిలే మడ్డిలోంచి తీసి పెంచాను. సముద్రపు నాచు జిగురులో కలిపి ఇలా గుళికలు కట్టాను. పూత షాపుల నీళ్ళు వీటి మధ్యలోంచి పారితే నికెలూ క్రోమియమూ సీసమూ ఈస్టు ఒంటికి అతుక్కుపోతాయి. నీళ్ళు తేటగా ముందుకెళ్తాయి. వారానికోసారి గుళికల్ని పలచటి యాసిడ్‌లో జాడిస్తే లోహం ఊడొస్తుంది. మళ్ళీ వాడుకోవచ్చు."

అధ్యక్షస్థానంలో ఉన్నది మా ముఖ్య కార్యనిర్వహణాధికారి కొత్తమాసు గజపతిరావు గారు. ఆయన మాట్లాడితే గెజిట్‌ చదివినట్టుంటుంది. ఇంట్లో ఉప్పు తక్కువైతే కూడా "రుచి విషయమై తగు చర్య గైకొనవలసినది" అంటారని వాళ్ళావిడే చెప్పింది. ఆయన ఒక గుళికను కళ్ళజోడు దగ్గరకు తెచ్చుకుని చూశారు.

"ఈస్టు అనుచున్నారు. అనగా దీనిని తూర్పుదిశయందు ప్రతిష్ఠింపవలెనా?"

"ఏ దిక్కైనా ఫరవాలేదు సార్. దిక్కులేని వాగుకు ఇదే దిక్కు."

నేను గట్టిగా నవ్వాను. నాలాంటి మనిషి మా ఆఫీసులో మరొకరు దొరికారన్న సంతోషం నాది. గజపతిరావు గారు నవ్వలేదు. నవ్వడానికి ఆయన స్థాయిలో ఎవరైనా ముందు నవ్వి ఉండాలి.

"కల్లు సంబంధము గలదనుచున్నారు. మత్తులో పనిచేయునా?"

"మత్తు తాగినవాళ్ళకి సార్. వీటికి పనే."

"సంతోషము. సూక్ష్మజీవుల సేవలను వినియోగించుకొనుటకు మండలి సూత్రప్రాయముగా సమ్మతించినది."

వాగు దారిలోనే తొట్టి కట్టారు. గుళికలు నింపారు. ఆ నెల దాటాక వచ్చే మంచి ముహూర్తానికి మంత్రిగారు రావడానికి ఒప్పుకున్నారు. కార్యక్రమం నేనే రాశాను. వేదిక మీద రెండు పెద్ద గాజుజాడీలు. ఒకదాంట్లో "పూర్వము" అనే పచ్చనీళ్ళు, రెండోదాంట్లో "పిమ్మట" అనే తెల్లనీళ్ళు. మధ్యలో ఒక బటను. మంత్రిగారు బటన్ నొక్కుతారు, జనం చప్పట్లు కొడతారు. పచ్చది తెల్లబడుతుంది.

అంతా బాగానే ఉంది గానీ, తొట్టికి తూము ఉంది. తూముకు తలుపుంది. ప్రభుత్వపు తలుపు కావడంవల్ల అది తెరిస్తే పూర్తిగా తెరుచుకోదు, మూస్తే పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి వాగునీళ్ళు తొట్టిలోకి వచ్చాయి. ఈస్టుకు మా నియమాలు తెలియవు. నీళ్ళు వచ్చాయి, లోహం కనిపించింది, పట్టుకుంది. నీళ్ళను పంపించేసింది. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పట్టుకుంది. ఫైళ్ళను నాన్చడం మాత్రమే చూసిన తొట్టి పక్క ఆఫీసు, నానుతూ పనిచేసేవాళ్ళను అదే మొదటిసారి చూడడం.

ఈ సంగతి మొదట కనిపెట్టింది మండలి కాదు, మంగతాయమ్మ.

మంగతాయమ్మకు వాగు దిగువన ఎకరం నేలలో ఆకుకూరల మళ్ళున్నాయి. వాగునీళ్ళను ఆ మళ్ళలోకి తెచ్చే చిన్న పంటకాలవే ఆవిడ బోదె. గోంగూర, తోటకూర, పాలకూర పండించి రైతుబజారులో అమ్ముకునేది. వాగునీళ్ళతో పెరిగిన ఆకులో నికెల్ ఉందని తేలేసరికి రైతుబజారు వాళ్ళు ఆవిడ దుకాణం కార్డు వెనక్కి తీసుకున్నారు. ఆ కార్డే ఆవిడ బతుకు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే నిండు గంపతో మా ఆఫీసు మెట్లెక్కి తిన్నగా గజపతిరావు గారి గదిలోకి వచ్చింది.

"అయ్యా, మీరు సల్లగుండాల. నా బోదెలోకొచ్చే నీళ్ళు తేటపడినయ్యి. అడుగున రాళ్ళు కనపడతన్నయ్యి! ఇదుగో సూడండి ఈ గోంగూర, ఎంత లేతగా ఉందో. నెలాఖర్లో రైతుబజారోళ్ళు మళ్ళా సాంపిలు తీస్తారంట. పాసైతే నా కార్డు నాకిచ్చేస్తారు."

గజపతిరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీళ్ళు... శుభ్రపడినవా?"

"అద్దంలాగున్నయ్యయ్యా."

"ప్రారంభోత్సవము జరగకుండగనే? ఎవరి అనుమతితో?"

మంగతాయమ్మ నా వంక చూసింది. ఈయనకు ఒంట్లో బాగాలేదా అని ఆ చూపు అర్థం. బాగానే ఉన్నారని తలూపాను. ఆవిడ నమ్మలేదు.

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం పెట్టారు. డాక్టర్ ఎస్తేరు ముఖం వెలిగిపోతోంది. "నేను అనుకున్నదానికంటే బాగా పనిచేసింది సార్," అంటూ వచ్చి కూర్చుంది. మెచ్చుకుంటారని ఎదురుచూస్తోంది పాపం.

"అమ్మా," అన్నారు గజపతిరావు గారు, "మాన్యమంత్రివర్యులు బటన్ నొక్కకముందే మాలిన్యము తొలగినచో, మంత్రివర్యులు ఏమి తొలగించినట్లు? వారి కరకమలములకు ఇక పని ఏది?"

"పని అయిపోయింది కద సార్. అందరం సంతోషించాలి."

"పని జరుగుట వేరు, మంత్రిగారు జరిపినట్లు జరుగుట వేరు. పూర్వము అను జాడీలో ఏమి పోయవలె? ఇదియును తెలుపు, అదియును తెలుపు అయినచో ప్రజలకు మనమేమి తెలుపుదుము?"

శ్లేష ఆయన ఉద్దేశించి వేసింది కాదు. అయినా నేను రాసిపెట్టుకున్నాను.

"వెంటనే దానిని ఆపివేయుడు."

"ఆగదు సార్. దానికి బటన్ ఉండదు. బతికున్నంతసేపూ అది చేసేది అదే."

"అటులైన చంపివేయుడు."

ఎస్తేరు కాసేపు బల్ల వంక చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు.

"చంపినా ఆగదు సార్. చచ్చిన ఈస్టు కూడా లోహాన్ని పట్టుకుంటుంది. ఒక్కోసారి బతికున్నదానికన్నా బాగా."

సూపరింటెండెంటు గారు నుదురు తుడుచుకున్నారు. రిటైరయ్యే రోజు సన్మానం శాలువా అందుకోగానే ఆఫీసు దారి మరచిపోయే వంశం మాది. చచ్చాక కూడా డ్యూటీ చేసే జాతి ఒకటి మా ఆవరణలోనే మకాం పెట్టిందంటే ఎవరికి ముద్ద దిగుతుంది?

"ఇది సిబ్బందికి చెడ్డ ఆదర్శము," అన్నారు గజపతిరావు గారు మెల్లగా.

సాయంత్రానికి తొట్టి గోడ మీద ఒక ఉత్తర్వు అంటించాం. "ఇందుమూలముగా సమస్త ఈస్టు కణములకు తెలియజేయునదేమనగా, ప్రారంభోత్సవ పర్యంతము లోహములను ముట్టరాదు. ఉల్లంఘించినచో తగు చర్య తీసుకొనబడును." ఎస్తేరు దాన్ని చదివి, "సార్, వాటికి కళ్ళు లేవు," అంది. సూపరింటెండెంటు గారు వెళ్ళి తొట్టి మీదికి వంగి బిగ్గరగా చదివి వినిపించి వచ్చారు. వాటికి చెవులూ లేవని ఆవిడ ఆయనతో చెప్పలేదు. ఆపాటికి ఆవిడ కూడా మండలిని అర్థం చేసుకుంటోంది.

మర్నాటికి నీళ్ళు ఇంకా తేటపడ్డాయి.

అప్పుడు గజపతిరావు గారికి రెండో ఆలోచన వచ్చింది. ఈస్టు ఆగనప్పుడు మురికిని పెంచాలి. పూత షాపుల సంఘానికి అధ్యక్షుడు పొత్తూరి నాగలింగం. ఊరంతా నికెల్ నాగలింగం అంటారు. ఆయన్ను పిలిపించారు. పాపం ఆయన అలవాటు ప్రకారం తప్పు ఒప్పేసుకుంటూనే లోపలికి వచ్చాడు.

"అయ్యగారూ, తగ్గించేశామండి. మీ దయవల్ల కడుగునీళ్ళు సగానికి సగం తగ్గించాం. ఇంకా తగ్గిస్తాం."

"ఎవరు తగ్గించమనిరి?"

"తమరేనండి. నోటీసుల మీద నోటీసులిచ్చారు కదండీ!"

"ఆ నోటీసులు ఆ కాలమునకు సంబంధించినవి. ప్రస్తుతము వాగునందు మాలిన్యము చాలినంత లేదు. మంత్రిగారి రాకను పురస్కరించుకొని మీ సంఘము ఉదారముగా సహకరింపవలెను. సహకరింపనిచో, మీ జలము ఎందుకింత నిర్మలముగా నున్నదో సంజాయిషీ ఇచ్చుకొనవలసి వచ్చును."

నాగలింగం కుర్చీలో వెనక్కి వాలాడు. పక్కనున్న నన్ను మెల్లగా గోకాడు.

"ఏవండీ పీఆర్వో గారూ, ఇది నిజమా? ఏదన్నా సీబీఐ వాళ్ళ పన్నాగమా?"

"నిజమేనండీ. ఇన్నాళ్ళూ లోహం ద్రోహం. ఇప్పుడు లోహం మీద మాకు మోహం."

నాగలింగం తలపట్టుకుని వెళ్ళిపోయాడు. పూత షాపులన్నీ ఎన్నడూ లేనంత ఉదారంగా తొట్టెలు బోర్లించాయి. వాగులో మూడు రంగులు కనిపించాయి. గజపతిరావు గారు గట్టు మీద నిలబడి తృప్తిగా తలపంకించారు. తొట్టి ఇవతలకు వచ్చి చూస్తే నీళ్ళు తేటగా పోతున్నాయి. ఈస్టు ఉత్సాహంగా ఉందని ఎస్తేరు చెప్పింది. ఆవిడ గొంతులో ఆనందం దాచుకోలేకపోతోంది.

మూడో ఆలోచన కఠినమైనది. గుళికలన్నిటినీ తొట్టిలోంచి తోడి బయట పెట్టించాలి. ముహూర్తం రోజున తిరిగి వేయాలి. తోడించారు. పాత దోమతెరలతో సంచులు కుట్టి గుళికలు నింపి ఆఫీసు వరండాలో వరసగా పెట్టారు. తొట్టిలోంచి నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే పచ్చగా వాగులోకి వెళ్ళిపోయాయి. "పూర్వము" అనే జాడీకి ఢోకా లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారి పేషీ నుంచి ఫోను వచ్చింది. శుక్రమౌఢ్యం వచ్చేసిందని, మూఢంలో మంత్రిగారు శుభకార్యాలు చేయరని, మూఢం విడిచాక తేదీ చెబుతామని. ఆకాశంలో శుక్రుడికి మౌఢ్యం పట్టింది. మా ఆఫీసులో మిగతా అందరికీ అంతకుముందే ఉంది.

మంగతాయమ్మ ఈసారి గంప లేకుండా వచ్చింది. కొంగు నడుముకు బిగించి వచ్చింది.

"ఏందయ్యా ఇది? నీళ్ళు మళ్ళా పచ్చబడినయ్యి. నెలాఖరు సాంపిలు ఎట్టా పాసవుద్ది? ఇంకొక్కసారి తప్పిందంటే ఇక కార్డు మాటెత్తొద్దన్నారు వాళ్ళు!"

"అమ్మా, మూఢము విడుచు పర్యంతము ఓపిక పట్టవలెను."

"మూఢం మీకు గానీ నా తోటకూరకు లేదయ్యా. అది రోజూ నీళ్ళు తాగుద్ది. మంచిరోజు సూసి తాగదు."

అంతలో స్టోర్స్ గుమాస్తా వచ్చాడు. వరండాలోని సంచులు వాసనేస్తున్నాయట. స్టోరులో పెట్టుకోమంటే అతను ఒప్పుకోవడం లేదు. ప్రాణమున్న వస్తువు స్టాకు కిందికి రాదట. పశువుల శాఖకు పంపమన్నాడు. పారే నీళ్ళలో పెట్టకపోతే పాడైపోతాయని ఎస్తేరు మొత్తుకుంటోంది.

"పారే నీళ్ళేగా?" అంది మంగతాయమ్మ. "నా బోదెలో పెట్టండి. నాకేం బరువు?"

గదిలో కాస్త ఆలోచన జరిగింది. ఎస్తేరు నోరు తెరవకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. అంత శ్రద్ధగా సైకిలు స్టాండు వంక చూసే శాస్త్రవేత్తను నేనింతవరకు చూడలేదు.

"ప్రైవేటు బోదెలో ఈస్టు ఏమి చేసినను అది మండలి పని కాదు," అన్నారు గజపతిరావు గారు చివరికి. "మండలి పని కానిది మండలికి కనిపించదు. కనిపించనిదానికి ప్రారంభోత్సవము అక్కరలేదు. భద్రపరచుటకు మాత్రమే అనుమతింపబడినది."

సంచులు బోదె మొదట్లో తాళ్ళతో వేలాడదీశారు. చిలకపచ్చ నీళ్ళు అటునుంచి వచ్చి ఇటు తేటగా మళ్ళలోకి పారాయి. వారానికోసారి ఎస్తేరు స్కూటరు మీద వచ్చి, సంచులు విప్పి, టబ్బులో పలచటి యాసిడ్‌తో గుళికల్ని జాడించి, ఊడిన లోహాన్ని సీసాల్లో పట్టుకుపోయేది. మంగతాయమ్మ మొదట్లో గట్టు మీద కూర్చుని చూసింది, తర్వాత చేతులకు తొడుగులు వేసుకుని తనూ జాడించడం మొదలుపెట్టింది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ పనిచేస్తుంటే అటు వెళ్ళినవాళ్ళు అదేదో చీరల జాడింపు అనుకునేవాళ్ళు.

నెలాఖరు సాంపిలు పాసైంది. కార్డు తిరిగొచ్చింది. అయితే రైతుబజారు వాళ్ళు ఒక షరతు పెట్టారు. నెలనెలా సాంపిలు తీస్తాం, ఒక్కటి తప్పినా కార్డు పోతుంది అని. మంగతాయమ్మ సరేనంది. బోదెలో ఈస్టు ఉన్నంతకాలం ఆవిడకు భయం లేదు.

మూఢం విడిచింది. మంత్రిగారి తేదీ వచ్చింది. గజపతిరావు గారు నన్నూ ఎస్తేరునూ వెంటబెట్టుకుని ఈస్టును తీసుకురావడానికి మళ్ళ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, భద్రపరచిన సొత్తును తిరిగి అప్పగింపుము."

మంగతాయమ్మ గొప్పులు తవ్వుతూ తలెత్తలేదు.

"ఇస్తానయ్యా. తీసుకుపోయి తొట్టిలో పోస్తారు. మంత్రిగారు బటన్ నొక్కుతాడు. ఆ తర్వాత?"

"ఆ తర్వాత ప్రారంభమైనట్లు."

"ప్రారంభం సరే. వారం వారం జాడించేదెవరంట?"

గజపతిరావు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రారంభోత్సవము మండలి బాధ్యత. నిర్వహణకు టెండరు పిలవవలసియున్నది. ఆ దస్త్రము ఇంకను ప్రారంభము కాలేదు."

"జాడించకపోతే ఏమవుద్దమ్మా?" అని ఎస్తేరునడిగింది మంగతాయమ్మ.

"నిండిపోతాయి పిన్నీ. లోహం పట్టడానికి చోటుండదు. నీళ్ళు మళ్ళీ పచ్చగానే వస్తాయి."

"వచ్చే నెల సాంపిలు తప్పుద్ది."

"తప్పుతుంది."

"ఇంకేం," అని మంగతాయమ్మ పార బోదె అంచున గుచ్చింది. "నేనివ్వను. మీ ఆఫీసులో మొదలెట్టినయ్యన్నీ మొదలెట్టిన రోజే ఆగినయ్యి. ఇదొక్కటీ ఎవురూ మొదలెట్టలేదు, అందుకే నడస్తంది."

మా మండలి చరిత్రంతా ఒక ముక్కలో వచ్చేసింది. నేను ఆవిణ్ణి మైకు ముందు నిలబెట్టాలనుకున్నాను, గజపతిరావు గారి చూపు చూసి మానుకున్నాను.

బలవంతంగా తీసుకెళ్ళవచ్చా అని న్యాయసలహాదారును అడిగారు. ఆయన పుస్తకాలు తిరగేసి చెప్పింది ఇది: బోదెలో జరుగుతున్నది ప్రారంభం కాని పని. ప్రారంభం కానిది లెక్కప్రకారం లేనట్టే. లేనిదాన్ని మూయించడం కుదరదు.

ఇలాంటి చోటే పెద్ద అధికారికీ మనకూ తేడా తెలుస్తుంది. గజపతిరావు గారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, తెరిచి, పొంగిపోయారు. ఈస్టు కలిసిన పిండి కూడా అంతగా పొంగదు.

"అయినచో ప్రారంభించెదము! మంత్రివర్యులు బోదెను ప్రారంభించెదరు. ఎవరు రిబ్బను కత్తిరించిరో ఆ శాఖకు అది ఆస్తి యగును. ఆస్తి కాగానే మూసివేసి, ఈస్టును తొట్టికి బదిలీ చేసెదము!"

ఎస్తేరు ముఖం మాడిపోయింది. ఆవిడ ఆ సాయంత్రం స్కూటరు వేసుకుని మళ్ళ వైపు వెళ్ళింది. ఆవిడా మంగతాయమ్మా ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అప్పటికి బ్యానరు రాయించే పనిలో ఉన్నాను.

ముహూర్తం రోజు తెల్లారేసరికి మళ్ళ పక్కన షామియానా లేచింది. బోదెకు అడ్డంగా రెండు వెదురు గుంజలు పాతి, ఎర్రటి పట్టు రిబ్బను కట్టాం. వెండిపళ్ళెంలో కత్తెర పెట్టాం. నాగలింగం పూలదండ తెచ్చాడు. మంత్రిగారి కార్లు ఊరి పొలిమేరలో ఉన్నాయని కబురొచ్చేసరికి మేమంతా స్వాగతానికి రోడ్డు మీదికి పరుగెత్తాం. మళ్ళ దగ్గర మంగతాయమ్మ ఒక్కతే మిగిలింది. రైతుబజారుకు వెళ్ళే ఆటో అప్పటికే వచ్చి హారన్ కొడుతోంది.

మంత్రిగారు దిగారు. మంచి మనిషి. ఎక్కడ రిబ్బనుంటే అక్కడ నవ్వుతారు. మేళతాళాలతో బోదె దగ్గరికి తీసుకొచ్చాం. ఆయన పళ్ళెంలోంచి కత్తెర అందుకుని రెండు వేళ్ళు దూర్చి ముందుకు చాచారు.

కత్తెర గాలిలో ఉండిపోయింది. గుంజలు రెండూ ఉన్నాయి. మధ్యలో రిబ్బను లేదు.

గట్టు మీద మంగతాయమ్మ కొడవలి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు గంపనిండా గోంగూర కట్టలు. ఒక్కో కట్టకూ నడుముకు ఎర్ర పట్టు ముడి.

"రిబ్బను ఏదమ్మా?" అరిచారు గజపతిరావు గారు. గ్రాంథికం జారిపోయింది. "ఏం చేశావే తల్లీ!"

"అరటినార అయిపోయిందయ్యా. ఆటోవాడు తొందరపెడతన్నాడు. అడ్డంగా ఏదో గుడ్డపేలిక కట్టుందిగదా అని కోసి కట్టలు కట్టా. మళ్ళా వచ్చేటప్పుడు నాలుగు మూరలు కొనుక్కొస్తాలే."

"నువ్వు... కోశావా?"

"కొడవలితోనే. ఏం, కోయకూడదా?"

మంత్రిగారి కత్తెర ఇంకా తెరుచుకునే ఉంది. అందరి చూపూ గజపతిరావు గారి మీదే. ఆ మనిషిలో మిగతా ఏది కొరతైనా నియమభక్తికి కొరత లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నీరుగారిన గొంతుతో, మళ్ళీ గ్రాంథికంలోకి వచ్చి, పలికారు.

"రిబ్బను తెగినది. తెగినచో ప్రారంభమైనట్లే. ఎవరు కోసిరో వారిచే ప్రారంభమైనట్లు. ఎవరిచే ప్రారంభమైనదో... వారికది ఆస్తి."

"అంటే?" అన్నారు మంత్రిగారు.

"అనగా ఈ ఈస్టును ఇచ్చట నుండి కదల్చు అధికారము ఇక ఎవరికిని లేదు. ఈమెకు తప్ప."

ఎస్తేరు చప్పట్లు కొట్టింది. మొదట ఒక్కతే. తర్వాత నాగలింగం కొట్టాడు. ఎందుకో తెలియకపోయినా సభలో చప్పట్లు మొదలైతే కలిసే అలవాటు మా సిబ్బందికి ఉంది. అంతా కొట్టారు. నేను మైకులో, "శ్రీమతి మంగతాయమ్మ గారి కరకమలములచే," అని ప్రకటించేశాను. శిలాఫలకం మీద పేరు చెక్కించేటప్పుడు కరకమలమా, కొడవలా అని సందేహం వచ్చి "స్వహస్తములచే" అని రాయించాను.

మంగతాయమ్మ గంప నెత్తినెత్తుకుని లేచింది. మంత్రిగారు ఇంకా కత్తెర పట్టుకునే నిలబడి ఉండడం చూసి ఆవిడకు జాలేసినట్టుంది. ఒక కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళండయ్యా. మంచి నీళ్ళతో పండింది. ఎర్రగోంగూర, పులుపు బాగుంటది."

ఆటో వెళ్ళిపోయింది. కార్లూ వెళ్ళిపోయాయి. గజపతిరావు గారు చాలాసేపు బోదె గట్టు మీద నిలబడి, అడుగున కనపడుతున్న రాళ్ళవంక చూశారు. తర్వాత జోళ్ళు విప్పి కాళ్ళు కడుక్కున్నారు.

మంత్రిగారి పీఏ తర్వాత నాతో చెప్పాడు. ఇంటికెళ్ళాక మంత్రిగారి భార్య ఆ గోంగూర కట్ట ముడి విప్పబోతే రాలేదట. పట్టు రిబ్బను కదా, బిగిసిపోయింది. మంత్రిగారు ఆగమని చెప్పి, లోపలికెళ్ళి కత్తెర తెచ్చి, తలవంచి, చిరునవ్వుతో, ఒకే ఒక్క కోతలో రిబ్బను తెంపారట. వంటమనిషి అలవాటుగా చప్పట్లు కొట్టిందట.